ముందు ఎనిమిది పేజీలు

(బుజ్జాయి గారి స్మృతిలో వర్జీనియా రాష్ట్రం ఆష్‌బర్న్‌లో చేసిన స్మారకోపన్యాసం పాఠం)

అమ్మానాన్నల బలవంతం మీద వచ్చి వెనక వరసల్లో కూర్చున్న పిల్లలకి ముందుగా బుజ్జాయి గారెవరో చెప్పాలి.

బుజ్జాయి గారి అసలు పేరు దేవులపల్లి సుబ్బరాయశాస్త్రి. కవి కృష్ణశాస్త్రి గారి అబ్బాయి. ఈ రెండో ముక్క చెప్పగానే సభలో తలలు ఊగుతాయి. మొదటి ముక్కకి ఊగవు. ఆయన తొంభై ఏళ్ళు బతికి 2022లో వెళ్ళిపోయారు. ఆ బతుకులో ఎక్కువ భాగం గళ్ళు గీయడం, గళ్ళలో బొమ్మలు వేయడం, బొమ్మల నెత్తిన మాటలు రాయడం. పదిహేడో ఏట ‘బానిస పిల్ల’ అనే బొమ్మల కథ తెచ్చారు. పత్రికల్లో ‘డుంబు’ అనే అల్లరి కుర్రాణ్ణి నడిపించారు. 1960లలో బొంబాయి ఇలస్ట్రేటెడ్ వీక్లీ ఆఫ్ ఇండియాలో పంచతంత్రాన్ని ఏళ్ళ తరబడి కామిక్‌గా వేశారు. కథా ఆయనదే, గీతా ఆయనదే. బడి చదువు పెద్దగా లేని మనిషి. ఈ మాట ఆష్‌బర్న్‌లో గట్టిగా అనడానికి కాస్త ధైర్యం కావాలని నాకు తెలుసు.

ఆయన కాలంలో కామిక్స్‌లోకి రావాలంటే ఒక దారి కనపడేది. పత్రికాఫీసు. బొమ్మలు చంకన పెట్టుకుని వెళ్తే ఎడిటర్ చూసేవాడు, నచ్చితే వేసేవాడు, లేకపోతే కాఫీ ఇచ్చి పంపేవాడు. 1947 జులైలో మొదలైన చందమామ అయితే చిత్రకారులకు నెలజీతం ఇచ్చి కూర్చోబెట్టింది. చిత్ర, శంకర్ అలా పనిచేసినవాళ్ళే. విక్రమార్కుడి భుజం మీద బేతాళుణ్ణి శంకర్ గారు ఎన్ని దశాబ్దాలు మోయించారో మనకి తెలుసు. ఇలస్ట్రేటెడ్ వీక్లీ 1993లో మూతపడింది. చందమామ కూడా ఆ తర్వాత ఇరవై ఏళ్ళకి అటూఇటూగా ఆగిపోయింది. బొమ్మల కథ పట్టుకుని వెళ్ళి తలుపు తట్టడానికి తెలుగులో ఇవాళ అలాంటి ఆఫీసు లేదు.

అందుకని మన పిల్లల చూపు అమెరికా కంపెనీల మీదకి పోతుంది. మార్వెల్, డీసీ. తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్నలు కూడా ఆ దారిలోనే ఉంటాయి. “దీనికి ఏ కోర్సు చేయాలండీ? ఏ కాలేజీ మంచిది? స్టార్టింగ్ ఎంతిస్తారు?” తప్పు పట్టడం లేదు. ఈ ఊరికి మనం వచ్చిన పద్ధతి అదే. కోర్సు, ఇంటర్వ్యూ, ఆఫర్ లెటర్, ఆ తర్వాత పని. కామిక్స్‌లో వరస తిరగబడి ఉంటుంది. మార్వెల్, డీసీ అడగని స్క్రిప్టు చదవవు. చదివితే రేపు కథ కాపీ కొట్టారని కోర్టుకి లాగుతారని వాళ్ళ భయం. ఎక్కడో అచ్చయి, ఎవరో చదివిన పని కనిపిస్తే వాళ్ళే కబురు పెడతారు. అంటే కామిక్స్‌లో చేరడానికి అర్హత కామిక్ చేసి ఉండటమే. ముందు మీరు చేసి, మీరు అచ్చు వేసి, మీరు అమ్మాలి. ఎవరి అనుమతీ అక్కర్లేని పని ఇది. అనుమతుల మీద బతికే మనకి ఆ సంగతి ఒక పట్టాన తలకెక్కదు.

ఎంత పెద్దది చేయాలి? ఇక్కడే ఎక్కువమంది బోర్లా పడతారు. పద్నాలుగేళ్ళ కుర్రాడు పన్నెండు సంపుటాల మహాగాథకి మ్యాపులు, వంశవృక్షాలు గీసుకుని వస్తాడు. పేజీ మాత్రం ఒక్కటీ ఉండదు. నేను చెప్పేది ఎనిమిది పేజీలు. మామూలు ప్రింటర్ కాయితాలు రెండు తీసుకుని మధ్యకి మడిస్తే ఎనిమిది పేజీలు వస్తాయి. మొదటి కాయితం పైవైపు ఎనిమిదో పేజీ, ఒకటో పేజీ పక్కపక్కన; దాని లోపలివైపు రెండు, ఏడు. రెండో కాయితం పైన ఆరు, మూడు. లోపల నాలుగు, అయిదు. మడత మీద రెండు పిన్నులు. పిన్ను మడత దాకా అందడానికి పొడుగు చేతి స్టేప్లర్ కావాలి, అంతే. ఇంత చిన్నదైనా దానికి మొదలు, మధ్య, ముగింపు ఉండి తీరాలి. ముగించడం వచ్చా రాదా అన్నదే చూసేవాడికి ముందు కావలసింది.

ఈ మధ్య ఇక్కడే ఒకమ్మాయి తన ఎనిమిది పేజీలు తెచ్చి చూపించింది. డల్లెస్ ఎయిర్‌పోర్టులో వాళ్ళ అమ్మమ్మ, కస్టమ్స్ ఆఫీసరు, మధ్యలో సూట్‌కేసు, సూట్‌కేసులో ఆవకాయ. మూత తీస్తే ఆఫీసరు తుమ్మడం కథకి కీలకం. గీత బాగానే ఉంది. అమ్మమ్మ చీర కుచ్చెళ్ళు చూస్తే పెద్దావిడ ఇరవై గంటలు కూర్చుని వచ్చిందని తెలుస్తోంది. కాని నవ్వు రావడం లేదు. ఎందుకని చూస్తే, తుమ్ము అయిదో పేజీలో ఉంది. పుస్తకం విప్పితే నాలుగూ అయిదూ ఒకేసారి కళ్ళబడతాయి. ఆఫీసరు మూత మీద చెయ్యి వేస్తున్న బొమ్మ చదవకముందే కుడిపక్కన తుమ్ము కనపడిపోతోంది. దాన్ని ఆరో పేజీకి, అంటే పేజీ తిప్పగానే ఎడమవైపు వచ్చేలా జరిపింది. అయిదో పేజీ చివరి గడిలో మూత మీద చెయ్యి మాత్రమే మిగిలింది. అంతే, కథ నిలబడింది. ఆ అమ్మాయి వేరే బొమ్మేమీ వేయలేదు. కామిక్స్‌లో బొమ్మ బాగా రావడం సగం పనే, ఆ బొమ్మ ఎక్కడ పడాలన్నది మిగతా సగం.

వాళ్ళమ్మ గారు మాత్రం కొంచెం నిరాశగా, “రామాయణం వేయమన్నానండీ, వినలేదు” అన్నారు. వినకపోవడమే మంచిదైంది. కొత్తవాళ్ళు తెచ్చే పుస్తకాల్లో రామాయణాలే ఎక్కువ. అమర్ చిత్ర కథ 1967 నుంచి ఆ పని చేస్తోంది, బాపు గారి రాముణ్ణి చూసిన కళ్ళకి ఇంకో రాముడు ఆనడం కష్టం. ఆవకాయ, కస్టమ్స్ ఆఫీసరు ఆ పిల్ల ఒక్కతే చెప్పగల కథ.

ఆ పుస్తకంలో నాకు నచ్చిన సంగతి ఇంకొకటుంది. ఆఫీసరు మాటలు ఇంగ్లీషులో, అమ్మమ్మ మాటలు తెలుగు లిపిలో. కింద అనువాదం లేదు. తెలుగు రాని పాఠకుడు ఆ ఆఫీసరంత అయోమయంలో పడతాడు, తెలుగు వచ్చినవాడికి రెండు వైపులా నవ్వు. అయితే తెలుగు అక్షరాలు వేయడంలో ఒక చిక్కుంది, దాన్ని ముందే తెలుసుకోవాలి. ఇంగ్లీషు కామిక్స్‌లో దాదాపు అన్నీ పెద్దక్షరాలే, ఒకే ఎత్తు. వరసలు దగ్గర దగ్గరగా పేర్చినా ఇబ్బంది లేదు. మనకి పైన గుడి, కింద వత్తు. ‘రాష్ట్రం’ అని రాస్తే ఒక్క మాటే మూడంతస్తులు. ఇంగ్లీషు బుడగకి సరిపోయే ఖాళీలో తెలుగు వరసలు పెడితే పై వరస వత్తులు కింది వరస గుడుల్లో ఇరుక్కుంటాయి. కాబట్టి బుడగ ఎత్తు పెరుగుతుంది, బుడగ పెరిగితే బొమ్మకి చోటు తగ్గుతుంది. అనుభవం లేనివాళ్ళు మనుషుల్ని గీసేసి, మిగిలిన మూలలో మాటల్ని కుక్కుతారు. ముందు మాటలు పెన్సిల్‌తో రాసి, వాటి చుట్టూ బుడగ గీసి, తర్వాత తలకాయలు వేయాలి. ముందు మాట్లాడేవాడు ఎడమవైపు ఉండాలి. ఇవి చిన్న సంగతులే, కాని చూసేవాడు మొదటి పేజీలోనే పట్టేస్తాడు. బాపు గారి చేతిరాత కంప్యూటర్ ఫాంటుగా మారిందంటే, బొమ్మ పక్కన అక్షరం కూడా బొమ్మేనని ఆయనకి తెలుసు కనక.

ఇలా సొంతంగా అచ్చు వేసుకోవడం గతిలేనివాళ్ళ పని అని అనుకునేవాళ్ళ కోసం ఒక కథ. 1984లో న్యూహాంప్‌షైర్ రాష్ట్రం డోవర్‌లో కెవిన్ ఈస్ట్‌మన్, పీటర్ లెయర్డ్ అనే ఇద్దరు కుర్రాళ్ళు, ఇన్‌కంటాక్స్ రీఫండ్ డబ్బూ, ఒకరి బంధువు ఇచ్చిన అప్పూ కలిపి, నలుపు తెలుపులో మూడు వేల కాపీలు వేశారు. అదే నింజా తాబేళ్ళు. హక్కులు వాళ్ళ దగ్గరే ఉన్నాయి కనక డబ్బూ వాళ్ళ దగ్గరికే వచ్చింది. లెయర్డ్ ఆ డబ్బుతో 1992లో జెరిక్ ఫౌండేషన్ పెట్టి, సొంతంగా కామిక్స్ అచ్చు వేసుకునే కొత్తవాళ్ళకి గ్రాంట్లు ఇచ్చాడు. ఆ గ్రాంటు 1997లో అందుకున్నవాళ్ళలో ఒకడు జీన్ లుయెన్ యాంగ్.

ఈయన గురించి మన ఊళ్ళో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. తల్లిదండ్రులు వలస వచ్చినవాళ్ళు. బర్క్‌లీలో కంప్యూటర్ సైన్స్ చదివాడు. రెండేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాడు. వింటుంటే మన పక్కింటి అబ్బాయి అనిపించడం లేదూ? తర్వాత ఓక్లాండ్‌లో ఒక హైస్కూల్లో కంప్యూటర్ టీచరుగా చేరి, పదిహేడేళ్ళు అక్కడే పనిచేశాడు. పగలు పాఠాలు, రాత్రి గళ్ళు. ‘అమెరికన్ బోర్న్ చైనీస్’ని మొదట జిరాక్సు కాపీలుగా, భాగాలు భాగాలుగా తెచ్చాడు. అది 2006లో పుస్తకమై, నేషనల్ బుక్ అవార్డు తుది జాబితాకి చేరిన మొదటి గ్రాఫిక్ నవల అయింది. అంత పేరు వచ్చాక కూడా ఏళ్ళ తరబడి బడిలో పాఠాలు చెబుతూనే ఉన్నాడు. తల్లిదండ్రులారా, ఉద్యోగం మానేస్తేనే కళ అని నేను పిల్లలకి నూరిపోయడం లేదు. ఉద్యోగం ఉండటం వల్ల కళ మానేయనక్కర్లేదంటున్నాను.

మనవైపు నుంచి కూడా ఉన్నారు. రామ్ వి కెమికల్ ఇంజనీరింగ్ చదివి, దాన్ని వదిలి, ‘బ్లాక్ ముంబా’ని కిక్‌స్టార్టర్ మీద పాఠకుల చందాలతో తెచ్చాడు. తర్వాత డీసీలో డిటెక్టివ్ కామిక్స్ రాశాడు. ఆయనతో ‘బ్లూ ఇన్ గ్రీన్’ గీసిన ముంబై చిత్రకారుడు ఆనంద్ ఆర్‌కె, జాన్ పియర్సన్‌తో కలిసి 2021లో కామిక్స్‌కి ఇచ్చే ఐస్నర్ అవార్డు పొందాడు. ముంబైలో కూర్చునే ఆ పని చేశాడు. ఇక మన హైదరాబాద్ రాజీవ్ చిలక. ఎం.ఎస్. కంప్యూటర్ సైన్స్ అని మిసోరీ వచ్చి, శాన్‌ఫ్రాన్సిస్కోలో యానిమేషన్ నేర్చుకుని, తిరిగి వెళ్ళి 2001లో గ్రీన్ గోల్డ్ పెట్టాడు. ఛోటా భీమ్ 2008లో వచ్చాడు. ఆయనది కామిక్స్ దారి కాదు, యానిమేషన్ దారి. కాని పాత్ర తన కంపెనీదే కావాలన్న పట్టుదల గమనించదగ్గది.

ఎందుకంటే హక్కు దగ్గర కామిక్స్ చరిత్ర పొడుగునా కన్నీళ్ళే. క్లీవ్‌లాండ్ కుర్రాళ్ళు జెర్రీ సీగెల్, జో షుస్టర్ సూపర్‌మ్యాన్‌ని పట్టుకుని కాళ్ళరిగేలా తిరిగారు, పత్రికల సిండికేట్లు వద్దన్నాయి. 1938 మార్చిలో పదమూడు పేజీలకి 130 డాలర్లు తీసుకుని పాత్రనే రాసిచ్చేశారు. పేజీకి పది డాలర్లు. ఆ తర్వాత కోర్టుల చుట్టూ తిరిగి, ముసలితనంలో దరిద్రం చూసి, 1975లో గానీ కంపెనీ చేత ఏడాదికి ఇంతని పింఛను ఇప్పించుకోలేకపోయారు. వాళ్ళకిచ్చిన ఆ పాత చెక్కు కాయితం 2012లో వేలానికి వస్తే 1,60,000 డాలర్లు పలికింది. చెక్కు విలువ అది!

చందమామ వాళ్ళు చిత్రకారుల్ని బాగా చూసుకున్నారు, ఆ మాట చెప్పకపోతే పాపం. అయినా జీతానికి చేసిన పని యజమానిది. అమెరికా చట్టంలోనూ అంతే. కాబట్టి ఎవరైనా కాయితం మీద సంతకం అడిగితే, ఇస్తున్నది ఈ కథ అచ్చు వేసుకునే హక్కా, పాత్ర మీద శాశ్వతంగా సర్వహక్కులా అన్నది చూడండి. ఇమేజ్ కామిక్స్ అనే సంస్థని 1992లో చిత్రకారులే పెట్టుకున్నారు, హక్కు సృష్టికర్త దగ్గరే ఉంచాలని. మార్వెల్‌కి పని చేయకూడదని కాదు. స్పైడర్‌మ్యాన్ వేయమని పిలిస్తే వెళ్ళండి, డబ్బు తీసుకోండి. మీ అమ్మమ్మని మాత్రం అమ్మకండి.

హక్కుల మాట వచ్చింది కనక ఇంకొక్కటి. మన ఇళ్ళ వెనక రాత్రింబవళ్ళు హోరుమనే డేటా సెంటర్లలో అడిగినన్ని బొమ్మలు అడిగిన క్షణంలో తయారవుతున్నాయి. వాటితో కామిక్ చేస్తే సరిపోదా అని వెనక వరసలో ఎవరో ఒకరు అనుకుంటూనే ఉంటారు. క్రిస్ కష్తనోవా అనే రచయిత ‘జార్యా ఆఫ్ ది డాన్’ అనే కామిక్‌ని అలాగే చేశారు. 2023 ఫిబ్రవరిలో అమెరికా కాపీరైట్ ఆఫీసు తేల్చింది: మాటల మీద, బొమ్మలు పేర్చిన వరస మీద మీకు హక్కుంది, యంత్రం ఇచ్చిన బొమ్మల మీద లేదు. మంచీ చెడ్డా వాదన పక్కన పెట్టండి. మీ పాత్ర ముఖం మీద మీకే హక్కు లేకపోతే రేపు ఎవరికి ఏం అమ్ముతారు?

ఇక ఈ ఊళ్ళో ఉండటం వల్ల ఉన్న సౌకర్యం. 2022 నవంబరులో ఆష్‌బర్న్‌కి మెట్రో వచ్చింది. సిల్వర్ లైన్ ఎక్కి, రైలు మారకుండా కాపిటల్ సౌత్‌లో దిగితే ఎదురుగానే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి మాడిసన్ భవనం. ప్రపంచంలో ప్రజలందరికీ అందుబాటులో ఉన్న పెద్ద కామిక్స్ సేకరణల్లో ఒకటి అక్కడిది. పదహారేళ్ళు నిండినవాళ్ళకి రీడర్ కార్డు ఉచితం. 1962లో స్పైడర్‌మ్యాన్ మొదటిసారి కనిపించిన సంచికకి స్టీవ్ డిట్కో చేత్తో గీసిన 24 అసలు పేజీలు కూడా ఆ లైబ్రరీలోనే ఉన్నాయి. 2008లో ఎవరో పేరు చెప్పకుండా ఇచ్చేశారు. అచ్చులో నున్నగా కనిపించే గీత వెనక తెల్లరంగు పూసి దిద్దిన చోట్లు, అంచున ఎడిటర్ రాసిన సూచనలు ఉంటాయి. గీత తప్పు పోయిందని కాయితాలు చింపేసే పిల్లలకి అది చూపించండి. డిస్నీకి తీసుకెళ్ళేదానికంటే ఖర్చు తక్కువ.

పొటోమాక్ నది అవతల, మేరీలాండ్ బెథెస్డాలో ఏటా సెప్టెంబరులో స్మాల్ ప్రెస్ ఎక్స్‌పో జరుగుతుంది. 1994 నుంచి నడుస్తోంది. సొంతంగా చేసుకున్నవాళ్ళు వరసగా బల్లలు వేసుకుని తమ పుస్తకాలు తామే అమ్ముకునే చోటు. బల్లకి పోటీ ఉంటుంది, లాటరీ తీస్తారు. మొదటి ఏడు బల్ల రాకపోయినా టికెట్ కొనుక్కుని వెళ్ళి, మీ ఎనిమిది పేజీలు పక్కవాడి ఎనిమిది పేజీలతో మార్చుకోండి. అక్కడ అదేమీ సిగ్గుపడే పని కాదు. ఎడిటర్లు, ఏజెంట్లు తిరుగుతూ ఉంటారు గాని, వాళ్ళ వెంట పడకండి. మీ వయసువాళ్ళని నలుగుర్ని పట్టుకోండి. పదేళ్ళ తర్వాత ఎడిటర్లయ్యేది వాళ్ళే.

వ్యాపారం సంగతి క్లుప్తంగా. కామిక్ షాపులు పుస్తకాలు ముందే ఆర్డరిచ్చి కొనుక్కుంటాయి, మిగిలితే చాలావరకు వెనక్కి ఇవ్వడానికి లేదు. కాబట్టి పేరు లేనివాణ్ణి తెప్పించడానికి భయపడతాయి. వాటికి సరుకు పంపిణీ చేసిన డైమండ్, మన పక్కనున్న మేరీలాండ్ కంపెనీయే, 2025 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది. దానితో ఎన్నో చిన్న ప్రచురణ సంస్థలు గిలగిల్లాడాయి. అదే సమయంలో పిల్లల గ్రాఫిక్ నవలలు పుస్తకాల షాపుల్లో, బడి లైబ్రరీల్లో బ్రహ్మాండంగా పోతున్నాయి. స్కాలస్టిక్ 2005లో గ్రాఫిక్స్ అనే శాఖ పెట్టినప్పుడు ఇంత అవుతుందని ఎవరూ అనుకోలేదు. రైనా టెల్గెమైర్ ‘స్మైల్’ 2004లో వెబ్ కామిక్‌గా మొదలై, 2010లో వాళ్ళ పుస్తకమైంది. ఆ దారికి సాహిత్య ఏజెంటు కావాలి, ఏజెంటుకి పూర్తి చేసిన పని చూపించాలి. మళ్ళీ అక్కడికే వచ్చాం.

పెద్దవాళ్ళలో గీసేవాళ్ళున్నారు, నాకు తెలుసు. మీటింగుల్లో నోటు పుస్తకాల అంచులు చూస్తే తెలిసిపోతుంది. మీకు రెండు జాగ్రత్తలు. మీ ఆఫర్ లెటర్‌తో పాటు సంతకం పెట్టిన కాయితాల్లో మీరు సృష్టించినదంతా కంపెనీదే అనే క్లాజు ఉండొచ్చు. తీసి చదవండి, ఆఫీసు ల్యాప్‌టాప్ మీద మాత్రం గీయకండి. రెండోది, హెచ్-1బి వీసా మీద ఉన్నవాళ్ళు తమ కంపెనీ పని తప్ప వేరే పనికి డబ్బు తీసుకుంటే చిక్కు. హెచ్-4 మీద ఉన్న పిల్లలకీ అంతే. గీయడానికి, అచ్చు వేయడానికి, చూపించడానికి ఎవరూ అడ్డం రారు. రూపాయి చేతికి తీసుకునే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగండి, వాట్సాప్ గ్రూపుని కాదు.

ధర గురించి ఒక పేచీ ఉంది, అది తేల్చి కూర్చుంటాను. ఆవకాయ పుస్తకం తెచ్చిన అమ్మాయి వెనక అట్ట మీద ధర వేయలేదు. “మనవాళ్ళకే కదా అంకుల్, ఊరికే ఇచ్చేద్దామని” అంది. వాళ్ళమ్మ గారు కూడా, పిల్ల బొమ్మలకి డబ్బు తీసుకోవడమేమిటండీ, బావుండదు అన్నారు. ఆవిడ పెద్దరికం నాకు అర్థమైంది, కాని ఒప్పుకోలేదు. వెనక అట్ట మీద పేరు, సంవత్సరం, కాపీరైట్ గుర్తు, ధర, నాలుగూ ఉండాలన్నాను. అయిదు డాలర్లని రాసింది. తర్వాత కొట్టేసి మూడు చేసింది. నేను ఆ మూడు కొట్టించి మళ్ళీ అయిదు వేయించాను.

ఇప్పుడు ప్రశ్నలు తీసుకుంటాను, వెనక వరసల నుంచి మొదలుపెడదాం.